అద్దం మీద నల్ల చున్నీ

మొన్న శనివారం మా ఆడపడుచును సియాటిల్ డౌన్‌టౌన్‌లో ఒక ఎత్తైన బిల్డింగ్ పైకి తీసుకెళ్ళాను. డాలస్ నుంచి వచ్చింది, వారం తిరక్కుండా వెళ్ళిపోతుంది, చూపించాల్సినవి చూపించాలి కదా. సాయంత్రమైంది. కింద ఊళ్ళో దీపాలు వెలుగుతున్నాయి. నీళ్ళ మీద ఫెర్రీ ఒకటి మెల్లిగా జరుగుతోంది. ఆమె ఫోన్ తీసి, కిటికీ అద్దంలోంచి ఫోటో మీద ఫోటో కొట్టింది. అన్నీ చూసుకుని మూతి ముడిచింది.

"ఏంది వదినా ఇది? ఊరు వస్తలేదు. మన మొఖాలు, పైన లైట్లే వస్తున్నయి."

నా చెయ్యి దానంతటదే భుజం మీదికి పోయింది, చున్నీ కోసం. జీన్స్, రెయిన్ జాకెట్ వేసుకున్న మనిషికి చున్నీ ఎక్కడిది? చెయ్యి అక్కడే కాసేపు ఉండిపోయింది. "ఏమైంది వదినా, భుజం నొస్తున్నదా?" అని అడిగింది. లేదన్నాను. ఎవరో గుర్తొచ్చారని చెబితే ఎవరని అడుగుతుంది, ఆ లిఫ్ట్ దగ్గర నిలబడి చెప్పే సంగతి కాదది.

ఆ చున్నీ నాది కాదు. మా వీధి చివరి ఇంట్లో ఉండిన డాక్టరమ్మది. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. చున్నీ కూడా ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు, ఆవిడతోనే పోయింది.

మాది సియాటిల్ పక్కన బాతెల్. ఇళ్ళకంటే దేవదారు చెట్లు పొడుగ్గా ఉండే ఊరు. అలాంటి ఊళ్ళో ఉంటూ ఆవిడ మోజుపడింది ఆకాశాన్నంటే మేడల మీద. మత్తుమందు డాక్టరు. ఈ దేశపు ఆసుపత్రుల్లో ఉద్యోగమంతా చేసి రిటైరయ్యారు. "నిద్రపుచ్చడం ఏముందమ్మాయ్, ఎవరైనా పుచ్చుతారు. లేపడం నా ఉద్యోగం" అనేవారు. గుంటూరు మనిషి. నాది కరీంనగర్. నేను "మంచిగున్నది" అంటే మొదట్లో నవ్వేవారు, నేను ఉడుక్కునేదాన్ని. కొన్నాళ్ళకు ఆవిడే "మంచిగుంది గదనే" అంటూ అటూ ఇటూ కాని ఒక భాష మాట్లాడటం మొదలుపెట్టారు. అప్పుడు నవ్వడం నా వంతైంది.

ఏటా ఆకులు రంగు మారే రోజుల్లో ఆవిడ జపాన్ వెళ్ళేవారు. జపానే ఎందుకని అడిగితే, అడిగినప్పుడల్లా కొత్త కారణం. అక్కడ లిఫ్టులు బాగుంటాయనేవారు. మీ అబ్బాయి పెళ్ళెప్పుడని అడిగే తెలుగువాళ్ళు అక్కడ తగలరనేవారు. ఒకసారి మాత్రం ఇంకో మాట చెప్పారు. ఇండియా ప్రయాణాల్లో ఆవిడా, భర్తా టోక్యో దగ్గర నరీటా ఎయిర్‌పోర్టులో విమానం మారేవారట. గంటలకొద్దీ ఆ కుర్చీల్లో కూర్చునేవారట. కిటికీలోంచి చూస్తే పొలాలు కనిపించేవి గానీ ఊరు కనిపించేది కాదు. "వచ్చేసారి దిగుదాం అనేవారాయన. ఎప్పుడూ దిగలేదు. అదేం తెలివో మాది." ఆయన నేను బాతెల్ రాకముందే పోయారు. ఆయన గురించి ఆవిడ అంతకు మించి ఎన్నడూ మాట్లాడలేదు, ఒసాకాలో ఆ మధ్యాహ్నం దాకా.

నేను ఆ ప్రయాణాల్లో ఎలా చేరానంటే, ఆవిడ మోకాలు పుణ్యమా అని. ఆపరేషన్ అయిన ఏడు ఒంటరిగా వెళ్ళొద్దని అందరం గోల పెట్టాం. "అయితే నువ్వు రా" అన్నారు. నాకు ఆఫీసులో లీవ్ మిగిలి ఉంది. మా ఆయన పిల్లల్ని చూసుకుంటానన్నాడు. ఒక్కసారికని వెళ్ళినదాన్ని, ఆ తర్వాత ఆవిడ నన్ను అడగడం కూడా మానేసి నాకు కూడా టికెట్ బుక్ చేయించేవారు.

ఆవిడ పద్ధతి ఒకటే. "ఊరిని ముందు పైనుంచి చూడాలి. తర్వాత దిగి, దాని చేతి అన్నం తినాలి." గుడులూ కోటలూ ఆ తర్వాత, కాళ్ళలో ఓపిక మిగిలితే. రైలు దిగి, పెట్టెలు హోటల్లో పడేసి, ఊళ్ళో అన్నిటికంటే ఎత్తైన చోటు ఎక్కడుందో అక్కడికి పరుగు. పరుగంటే ఆవిడ మోకాలి పరుగు. లిఫ్ట్‌లో చెవులు మూసుకుపోతుంటే నోరు తెరిచి చిన్నపిల్లలా నవ్వేవారు.

ఎత్తైన చోట్లన్నిటికీ అద్దాలే. లోపలి లైట్లు, మన మొహాలు, వెనక తిరిగే జనం, అన్నీ ఆ అద్దంలో పడి ఊరిని కప్పేస్తాయి. దానికి ఆవిడ దగ్గరున్న మందు ఆ నల్ల చున్నీ. ముతక నూలుది, మెరవదు. కెమెరాను అద్దానికి ఆనించి, దాని చుట్టూ చున్నీని గుడారంలా కప్పి, తల అందులోకి దూర్చేవారు. రెండు కొసలూ అద్దానికి అదిమి పట్టుకుని నిలబడటం నా డ్యూటీ.

"చున్నీ పట్టుకో" అనేవారు లోపల్నుంచి. "గట్టిగా పట్టుకో. లాగకు. ఊపిరి మెల్లిగా."

ఆ ఊపిరి మాట ఆపరేషన్ థియేటర్ అలవాటు. కెమెరా ఆవిడ చేతిలో ఉంటే నా ఊపిరితో పనేమిటని నేను గునిసేదాన్ని. కానీ ఆ మాట వినగానే నా భుజాలు కిందికి దిగేవి. ఆఫీసు గొడవలన్నీ కూడా వాటితో పాటే దిగిపోయేవి.

అలాంటి చాలాచోట్ల ట్రైపాడ్ పెట్టనివ్వరు. దానికీ ఆవిడ ఉపాయం ఆవిడకుంది. పాత జాకెట్టు గుడ్డతో కుట్టిన చిన్న సంచీ. టోక్యోలో దిగిన రోజే ఇండియన్ కొట్టు వెతుక్కుంటూ వెళ్ళి కందిపప్పు కొని, సంచీ నింపి, మూతి కుట్టేసేవారు. కిటికీ గట్టు మీద పప్పుసంచీ, దాని మీద కెమెరా. ఇక కదిలేది లేదు. పక్కన పెద్ద పెద్ద లెన్సులేసుకుని నిలబడ్డ కుర్రాళ్ళు ఆ సంచీని చూసి తలలూపేవారు.

పగలు తీయరు. పూర్తిగా చీకటి పడ్డాకా తీయరు. ఫోటోలు తీసేవాళ్ళు ఆ మధ్య వేళను బ్లూ అవర్ అంటారని నేనెక్కడో చదివి చెప్పాను. "దానికి ఇంగ్లీషు పేరెందుకు? మా అమ్మ దీపాలు పెట్టేవేళ అనేది" అన్నారు. ఆ వేళప్పుడు ఇంట్లో ఎవరూ పడుకోకూడదని, పడుకున్నవాళ్ళను లేపి కూర్చోబెట్టేదట వాళ్ళమ్మ. "ఆ వేళకి ఊళ్ళో అందరూ లేచి ఉంటారు. అందుకే అప్పుడు తీస్తాను." మత్తుమందు డాక్టరు తప్ప ఇంకెవరూ చెప్పలేని కారణమది.

తీయడం అయ్యాక ఒక పని చేసేవారు. అద్దం మీద మా ఊపిరి పట్టిన మచ్చ, ఆవిడ నుదురు ఆనిన జిడ్డు, అన్నీ చున్నీ కొసతో శుభ్రంగా తుడిచేవారు. తుడిచి, ఒకడుగు వెనక్కి వేసి, మళ్ళీ చూసి, మిగిలిందేమైనా ఉంటే మళ్ళీ తుడిచేవారు. మేం వచ్చివెళ్ళినట్టు ఎవరికీ తెలియకూడదన్నట్టు.

తిండి సంగతి చెప్పకపోతే ఆవిడ గురించి సగమే చెప్పినట్టు. పుట్టుకతో శాకాహారి. జపాన్‌లో శాకాహారం అంటే సామాన్యం కాదు, చారులో కూడా చేపపొడి ఉంటుంది. "చేప నీడ పడితే చూసీచూడనట్టు ఊరుకుంటాను. చేప కనబడితే లేచిపోతాను" అని ఆవిడ తనకు తాను ఒక చట్టం చేసుకున్నారు. నాకు ఏ చట్టమూ లేదు, పెట్టింది తింటాను. ఉప్పులో ఊరి పులుపెక్కిన ఉమెబోషి పండును మధ్యలో దాచిన అన్నం ముద్ద, ఒనిగిరి, ఆవిడకు ప్రాణం. "ఇది ఊరగాయ ముద్దేనే, వీళ్ళు ఊరగాయను లోపల పెట్టారు, అంతే." పులిసి తీగలు సాగే సోయా గింజలు, నాట్టో, వాటి మీద బాతెల్ నుంచి తెచ్చుకున్న కరివేపాకు పొడి చల్లుకుని తినేవారు. ఆ వాసనకు నేను పక్క బల్లకు మారేదాన్ని.

ఫుకువోకాలో వరసగా ముసురు పట్టింది. ఎక్కడానికి లేదు, తీయడానికి లేదు. ముసుర్లో ఇద్దరికీ పప్పన్నం మీద మనసుపోయింది. చుట్టూ చూస్తే ఏముంది, పప్పుసంచీ. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆవిడే కత్తెర తీశారు. పెట్టెలో ఎప్పుడూ ఉండే చిన్న రైస్ కుక్కర్లో ఉడకబెట్టి, చింతపండు బదులు ఉమెబోషి చిదిమి వేసి, హోటల్ మంచం మీద కూర్చుని తిన్నాం. అంత రుచైన పప్పు నేను మళ్ళీ తినలేదు. మర్నాడు సాయంత్రం వాన వెలిసి, కడిగినట్టు తేటగా ఊరు కనబడింది. కెమెరా కింద పెట్టడానికి ఏమీ లేదు. నా స్వెటర్ మడిచి పెట్టాం. ఊరంతా ఊగినట్టు వచ్చింది ఫోటో.

ఆ ఊగిన ఫోటోను కూడా ఆవిడ ఫ్రేము కట్టించి హాల్లోకి వెళ్ళే నడవలో పెట్టారు. ఆ నడవలో రెండు గోడల మీదా ఊళ్ళే. కింద పేర్లు ఉండవు. ఎవరైనా వచ్చి ఇదే ఊరండీ అని అడిగితే, ఊరి పేరు చెప్పేవారు కాదు. "అదా, అది కాల్చిన చిలగడదుంప" అనేవారు. అది కోబే. కొండకూ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరు, వైజాగ్‌లా ఉంటుంది. ఓడరేవు చుట్టూ దీపాలు తిరిగిన యోకోహామా, నువ్వుల ఐస్‌క్రీం. ఊగిన ఫుకువోకా, పప్పన్నం. వచ్చినవాళ్ళు ఈవిడకు మతి తప్పుతోందేమోనని నా వైపు చూసేవారు.

హిరోషిమా వెళ్ళినప్పుడు నేను భయపడ్డాను. అక్కడ కూడా ఎత్తెక్కి, చున్నీ కప్పుకుని ఫోటోలు తీస్తారా, బాగుంటుందా అని. పగలంతా ఆ నది ఒడ్డున, ఆ స్మారకాల దగ్గర నడిచారు. సాయంత్రం కాగానే, పద అన్నారు. "ఇవ్వాళ వద్దులే డాక్టరమ్మా" అన్నాను. ఆగి నన్ను చూశారు. "ఈ ఊళ్ళో కూడా దీపాలు పెట్టారమ్మాయ్. అది తియ్యకపోతే ఇంకేం తియ్యాలి?" ఆ రోజు కూడా చున్నీ పట్టుకున్నాను. ఆవిడ చాలాసేపు లోపలే ఉండిపోయారు.

ఇక ఒసాకా. మేం చేసిన చివరి ప్రయాణం. మధ్యాహ్నం ముసలి భార్యాభర్తలిద్దరు నడుపుకునే చిన్న హోటల్లో కూర్చున్నాం. ఆవిడ ముందు నిలువుగా కోసి, పైన మిసో అనే తియ్యటి సోయా ముద్ద రాసి కాల్చిన వంకాయ. నా పళ్ళెంలో చేప. ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆవిడ కళ్ళు మూసుకున్నారు. "ఒరేయ్, ఇది నువ్వు తిని తీరాలి" అన్నారు. సంతోషం ఎక్కువైతే నన్ను ఒరేయ్ అనేవారు.

పెట్టడం ఎలాగన్నదే ఇబ్బంది. ఆవిడకు ఎంగిలి పట్టింపు, అందుకని చాప్‌స్టిక్స్ తిరగేసి ముట్టని వైపు నుంచి ముక్క తీశారు. తీసి, నా పళ్ళెం వైపు తెచ్చి ఆగిపోయారు. పళ్ళెంలో చేప ఉంది, పుల్లలు దానికి తగలకూడదు. "అందుకో" అన్నారు గాల్లోనే. నేను నా చాప్‌స్టిక్స్ చాచి, ఆవిడ పుల్లల నుంచి నా పుల్లలతో ముక్క పట్టుకున్నాను.

హోటల్లో మాటలు ఆగిపోయాయి. వంటగదిలోంచి ఆ ముసలావిడ గబగబా వచ్చి, మా ఇద్దరి చేతుల మధ్య చిన్న ఖాళీ పళ్ళెం పెట్టింది. కోపంగా కాదు, పసిపిల్ల నిప్పు దగ్గరకు పోతుంటే అడ్డం వచ్చినట్టు. ముక్క అందులో పెట్టాం. ఏం తప్పు చేశామో తెలియక బిక్కమొహాలు వేశాం. పక్క బల్ల దగ్గరున్న పెద్దమనిషి ఇంగ్లీషు తెలిసినవాడు. ముందు క్షమించమన్నాడు. అలా ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకు అందించడం మా దేశంలో ఒక్కసారే చేస్తాం, మనిషిని దహనం చేశాక ఎముకలు ఏరేటప్పుడు, అన్నాడు.

నేను ఛీ ఛీ అనుకుంటూ పుల్లలు కింద పెట్టేశాను. డాక్టరమ్మ పెట్టలేదు. ఆయన వైపు పూర్తిగా తిరిగారు.

"ఎముకలు ఉంటాయా? ముక్కలుగా, ఉన్నవి ఉన్నట్టుగా?"

ఉంటాయన్నాడు. ఇంటివాళ్ళందరూ చుట్టూ నిలబడి ఏరుతారట. పాదాల నుంచి మొదలుపెడతారట, పాత్రలో కూడా మనిషి నిలబడి ఉండేట్టు, తలకిందులు కాకుండా. చివర్న గొంతు దగ్గరి ఎముక ఒకటి, కూర్చున్న బుద్ధుడిలా ఉంటుందట, అది అందరికంటే దగ్గరివాళ్ళు తీస్తారట.

"మెడలో రెండో ఎముక" అన్నారు డాక్టరమ్మ తెలుగులో, ఎవరితోనో కాదు. చెయ్యి తన మెడ వెనక్కు పోయింది. "మత్తిచ్చాక తల వెనక్కి వంచుతాం. అప్పుడు చెయ్యి ఉండేది అక్కడే."

వంకాయ చల్లారిపోయింది. డబ్బులిచ్చి బయటికొచ్చాం. కాలవ పక్కన నడుస్తూ ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు. భర్త పోయినప్పుడు దహనం అమెరికాలోనే జరిగింది. తర్వాత, దహనం చేయించే ఫ్యూనరల్ హోమ్ వాళ్ళు ఒక పెట్టె ఇచ్చారు. పంతులుగారు ఇంటికొచ్చి, పాలూ నీళ్ళూ సిద్ధం చేసుకుని, అస్థికలు ఇవ్వండమ్మా అన్నారు. ఈవిడ పెట్టె మూత తీశారు. లోపల అంతా మెత్తటి పొడి.

"ముగ్గుపిండిలా ఉందే. మిషన్‌లో వేసి ఆడించి ఇస్తారట. అమెరికాలో అదే పద్ధతి. అన్నేళ్ళు హాస్పిటల్లో పనిచేశాను, నాకు తెలీదు. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు." నడుస్తున్నదల్లా ఆగారు. "నిలువెత్తు మనిషి. తలుపులో వంగి వచ్చేవారు. ఒక్క ఎముకైనా నా చేతికి రాలేదు."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. అలా పట్టుకోనిచ్చే మనిషి కాదు, ఆ రోజు పట్టుకోనిచ్చారు.

"నన్ను పొడి చెయ్యనివ్వకు" అన్నారు.

"ఇప్పుడెందుకు డాక్టరమ్మా ఆ ముచ్చట?"

"ఇప్పుడే. ముందే అడిగితే చెయ్యకుండా ఇస్తారు, అడగాలంతే. నువ్వు అడిగించు. మాటివ్వు."

ఇచ్చాను. ఇవ్వకపోతే ఆ కాలవ ఒడ్డున అలాగే నిలబడేట్టున్నారు. మాట తీసుకుని, గడియారం చూసుకుని, "పద, వేళవుతోంది" అన్నారు. ఆ సాయంత్రం ఒసాకా చాలా బాగా వచ్చింది. నడవలో అది 'వంకాయ'.

మరుసటి వేసవి ఒక ఉదయం ఇంట్లోనే పోయారు. గుండె. నాకు ఫోన్ చేసిన పక్కింటావిడ మాట పూర్తి చేయకముందే నాకు ఒసాకా కాలవ గుర్తొచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది.

కొడుకు దేశం అవతలి కొసన ఉన్న అల్ఫారెట్టా నుంచి వచ్చాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, నెమ్మదస్తుడు. తల్లీకొడుకులకు గొడవలేమీ లేవు, మాటలే తక్కువ. జపాన్ సంగతి వస్తే "అది అమ్మ థింగ్" అనేవాడు. ఇద్దరం కలిసి ఫ్యూనరల్ హోమ్‌కి వెళ్ళాం. అక్కడి పెద్దమనిషి చాలా మర్యాదగా అన్నీ వివరించాడు. నేను ఆవిడ కోరిక చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. చేయొచ్చన్నాడు, మామూలుగా మేం ప్రాసెస్ చేసే, అంటే పొడి చేసే ఇస్తాం, వద్దనుకుంటే కుటుంబం ముందే చెప్పాలి, రేపు ఉదయమే దహనం గనక ఈ సాయంత్రంలోగా చెప్పండి, అన్నాడు. కుటుంబం అంటూ కొడుకు వైపు చూశాడు. నేను పొరుగుదాన్ని. నా మాటకు అక్కడ విలువ లేదు, ఉండాలని అనడం కూడా న్యాయం కాదు.

కార్‌లో కూర్చున్నాక అతను స్టీరింగ్ మీద చేతులు పెట్టి స్టార్ట్ చేయకుండా ఉండిపోయాడు.

"అమ్మ నాకు ఎప్పుడూ చెప్పలేదు, ఆంటీ. నీకు ఎందుకు చెప్పింది?"

"నాకు తెల్వది, నాన్నా."

"నేను అది చూడలేను. అమ్మని అట్లా... ఐ కాంట్. సారీ ఆంటీ."

సరే అన్నాను. తల్లి పోయిన పిల్లాణ్ణి ఇంకేం బలవంతం చేస్తాం? కానీ సాయంత్రం దాటితే ఆవిడను కూడా ఆడించి పెట్టెలో పోసి ఇస్తారు. మాటిచ్చింది నేను.

ఇంటికొచ్చాం. టీ పెడదామని నేను వంటింట్లోకి వెళ్ళాను. అతను నడవలోనే ఆగిపోయాడు. ఎన్నోసార్లు ఆ నడవలోంచి నడిచి ఉంటాడు, ఆ రోజే మొదటిసారి చూస్తున్నట్టు ఒక్కో ఊరి ముందూ నిలబడుతున్నాడు.

"ఆంటీ, ఇది ఏ ఊరు?"

వెళ్ళి చూశాను. "అది వంకాయ" అన్నాను, అలవాటు కొద్దీ.

అతను నా వైపు తిరిగాడు. ఇక చెప్పక తప్పలేదు. కాల్చిన వంకాయ దగ్గర మొదలుపెట్టి, గాల్లో అందుకున్న ముక్క, ముసలావిడ పెట్టిన ఖాళీ పళ్ళెం, పాదాల నుంచి ఏరడం, కాలవ ఒడ్డు, ఆ సాయంత్రం 'చున్నీ పట్టుకో' అంటే నేను అద్దానికి అదిమి పట్టుకున్న నల్ల చున్నీ, అన్నీ చెప్పాను. వాళ్ళ నాన్న అస్థికల పెట్టె మూత ఆవిడ తీసిన సంగతి కూడా చెప్పాను. అక్కడికి వచ్చేసరికి అతను గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు.

"ఆ బాక్స్ బోట్ మీద నేనే ఓపెన్ చేశాను" అన్నాడు. "నేను కాలేజ్‌లో ఉన్నాను అప్పుడు. నీళ్ళలో వేస్తుంటే గాలి వచ్చింది, ఆంటీ. నాన్న... నా స్వెటర్ మీద పడింది. అంతా. నేను భయపడి ఇలా, ఇలా దులిపాను. డస్ట్ లాగా."

కూర్చున్నచోటే రెండు చేతులతో రొమ్ము మీద దులిపి చూపించాడు. అంత పెద్ద మగమనిషి.

"అమ్మ చూసింది. ఏం అనలేదు. ఎప్పుడూ ఏం అనలేదు."

పొడి చెయ్యనివ్వకన్న మాట కొడుక్కి చెప్పకుండా ఆవిడ నాకెందుకు చెప్పారో అప్పుడు అర్థమైంది. అతని పక్కన నేనూ నేల మీద కూర్చున్నాను. ఆవిడ మీద నాకు ఒక్క క్షణం కోపం కూడా వచ్చింది. ఒక్కసారి పిలిచి, పర్లేదురా అని చెప్పి ఉంటే ఏం పోయేది? ఎవరినైనా లేపగల మనిషి, ఈ పిల్లాడి ఇన్నేళ్ళ భయం మీద ఒక చెయ్యి వేయలేకపోయారు. వేయలేకే ఏటా అంత దూరం వెళ్ళి అద్దాలు తుడిచి వచ్చేవారేమో. నాకు తెలియదు. నేను అడగలేదు.

కిటికీలో వెలుగు పల్చబడుతోంది. అతను లేచి, ఫోన్ తీసి, ఫ్యూనరల్ హోమ్‌కి కాల్ చేశాడు. "డోంట్ ప్రాసెస్ హర్" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం రమ్మన్నారు. పంతులుగారు చెప్పినట్టు కొత్త కుండ, కొత్త తెల్లగుడ్డ తీసుకెళ్ళాను. చిన్న గది. మధ్యలో బల్ల మీద పొడవాటి స్టీల్ ట్రే. అక్కడి మనిషి మమ్మల్ని వదిలి తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు. భయపడినంత ఏమీ లేదు. ఎముకలు తెల్లగా, అక్కడక్కడ బూడిదరంగుగా, తేలిగ్గా ఉన్నాయి. ఆవిడే. ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలుస్తోంది.

నేను తెల్లగుడ్డ విప్పబోతుంటే అతను వద్దన్నాడు. జాకెట్ లోపల్నుంచి నల్ల చున్నీ తీశాడు. పొద్దున ఆవిడ కెమెరా బ్యాగులో దొరికిందట. నల్లగుడ్డ పనికిరాదని పంతులుగారు అంటారేమోననిపించింది. అననీ అనుకున్నాను. కొస దగ్గర ఇంకా మరక ఉంది, ఏ ఊరి అద్దం మీదిదో.

అతను చున్నీ నా చేతికిచ్చి, ట్రే పక్కన నిలబడి, ఒకసారి కళ్ళు మూసుకుని తెరిచాడు.

"చున్నీ పట్టుకో, ఆంటీ."

రెండు కొసలూ పట్టుకున్నాను. గట్టిగా, లాగకుండా.

"ఊపిరి మెల్లిగా, నాన్నా" అన్నాను.

మెల్లిగా ఊపిరి తీసుకున్నాడు. పాదాల దగ్గర నుంచి మొదలుపెట్టాడు.